యాంగ్జైటీ ఉన్నప్పుడు మొదటిసారి ఒంటరిగా ప్రయాణం: ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మీరు అడిగింది ఇది: వయసు ఇరవై తొమ్మిది, కొన్నేళ్లుగా యాంగ్జైటీ, అప్పుడప్పుడు పానిక్ అటాక్స్. ఒక్కరే నాలుగైదు రోజులు ఎక్కడికైనా వెళ్లిరావాలని ఉంది. కానీ టికెట్ బుక్ చేద్దామని కూర్చున్న ప్రతిసారీ గుండె దడ మొదలవుతోంది, ఫోన్ పక్కన పడేస్తున్నారు. "ఇది కాస్త తగ్గాక వెళ్లడం మంచిదా? వెళ్లాక అక్కడ నిజంగా ప్రమాదం ఉందో, నాకే అలా అనిపిస్తోందో ఎలా తెలుస్తుంది?"

నాకూ కాలేజీ రోజుల నుంచీ ఇదే ఇబ్బంది. మందులు వాడాను, థెరపీకి వెళ్లాను, ఏళ్లుగా ఒంటరిగా తిరుగుతున్నాను. డాక్టర్ని మాత్రం కాను. కాబట్టి మందుల విషయంలో నా మాట విని మీ డాక్టర్‌తో మాట్లాడండి, నా మాట మీదే ఆగిపోకండి.

ముందు మొదటి ప్రశ్న. "తగ్గాక వెళ్దాం" అనుకుంటే అది తగ్గే రోజు మామూలుగా రాదు. టికెట్ పేజీ మూసేయగానే ప్రాణం హాయిగా అనిపిస్తుంది కదా, ఆ హాయితోనే చిక్కు. "మూసేశాను కాబట్టి గండం తప్పింది" అని మెదడు నేర్చుకుంటుంది. వచ్చేసారి దడ ఇంకొంచెం ముందే మొదలవుతుంది. అందుకని దడ ఉండగానే బుక్ చేయండి. చేతులు వణుకుతున్నా వివరాలు నింపొచ్చు. గది రద్దు చేసుకునే వీలున్నది, టికెట్ తేదీ మార్చుకునే వీలున్నది చూసుకోండి. డబ్బు కాస్త ఎక్కువైనా మొదటిసారికి అది దండగ కాదు.

అయితే కొన్ని సందర్భాల్లో నిజంగానే వాయిదా వేయాలి. కొత్త మందు మొదలుపెట్టి రెండు మూడు వారాలే అయినా, ఈమధ్యే డోసు మార్చినా ఆగండి. యాంగ్జైటీకి రోజూ వాడమనే ఎస్ఎస్ఆర్ఐ రకం మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కొందరికి కంగారు ఎక్కువవుతుంది కూడా. రోజూ పానిక్ అటాక్స్ వస్తుంటే, బతకాలని లేదన్న ఆలోచనలు వస్తుంటే ప్రయాణం సంగతి తర్వాత, ముందు డాక్టర్. ఇవేవీ లేకపోతే వెళ్లండి.

ఇక రెండో ప్రశ్న. ఇదే అసలు ప్రశ్న, దీని గురించే ఎక్కువ రాస్తాను.

యాంగ్జైటీ ఉన్న ఆడవాళ్లకి రెండు వైపుల నుంచి రెండు సలహాలు వస్తాయి. థెరపీలో "నీ భయం చెప్పేదంతా నమ్మకు" అంటారు. మిగతా లోకమంతా "అనుమానం వస్తే ఒక్క క్షణం కూడా అక్కడ ఉండకు" అంటుంది. రెండూ సరైన సలహాలే. కానీ కొత్త ఊళ్లో సాయంత్రం ఆరింటికి గుండె దడదడలాడుతుంటే ఏ సలహా పాటించాలి? నేను వాడే పద్ధతి ఒకటే. ఈ భయం దేని గురించి అని అడుగుతాను. ఎదురుగా ఉన్న ఒక మనిషి చేస్తున్న పని గురించా, నా ఒంట్లో జరుగుతున్నదాని గురించా, ఇంకా జరగనిదాని గురించా?

మనిషి గురించైతే వెంటనే కదులుతాను. రుజువు వెతకను, మర్యాద చూడను, "పాపం ఏమనుకుంటాడో" అని ఆలోచించను. ఒకసారి నేను దిగిన హోటల్లో లిఫ్ట్ తలుపులు మూసుకుంటుండగా ఒకతను చెయ్యి అడ్డం పెట్టి ఎక్కాడు. ఏ ఫ్లోర్ బటనూ నొక్కలేదు. నేను నొక్కిన అంకె వైపు చూసి ఊరుకున్నాడు. "అయ్యో, ఫోన్ మర్చిపోయాను" అని పైకే అనేసి దిగిపోయాను. రిసెప్షన్ దగ్గర కాసేపు నిలబడి తర్వాతి లిఫ్ట్‌లో వెళ్లాను. అతనూ నా ఫ్లోర్‌లోనే ఉండే అమాయకుడేమో. అది తేల్చుకోవడం నా పని కాదు. నాకు పోయింది రెండు నిమిషాలు.

భయం ఒంటి గురించైతే, అంటే ఊపిరి ఆడట్లేదు, కళ్లు తిరుగుతున్నాయి, పడిపోతానేమో అనిపిస్తుంటే, లేదా "రేపు బస్సు తప్పిపోతే?", "జ్వరం వస్తే?" లాంటిదైతే, ఉన్నచోటే ఉంటాను. ఎక్కడైనా కూర్చుంటాను కానీ పారిపోను. చుట్టూ ఎవరూ ఏమీ చేయకుండా, ఒళ్లు మాత్రమే గోల చేస్తుంటే అది ఎక్కువగా పాత యాంగ్జైటీయే.

ఈ రెంటికీ మధ్యలో పడేవీ ఉంటాయి. వీధి ఖాళీగా ఉంది, చీకటి పడుతోంది, ఎవరూ లేరు, కానీ ముందుకు వెళ్లబుద్ధి కావడం లేదు. అప్పుడు జాగ్రత్త పడితే ఏం పోతుందో చూసుకోండి. వెలుతురున్న రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లడం, క్యాబ్ పిలుచుకోవడం లాంటి చిన్న మార్పుతో సరిపోతే మారిపోండి, దానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. కానీ ఆ జాగ్రత్త "రేపంతా గదిలోనే ఉండిపోదాం" అనే దాకా వెళ్తే, అక్కడ మాట్లాడుతున్నది యాంగ్జైటీ. మీకు నిజంగా అవసరమైన జాగ్రత్త చాలావరకు ఒక వీధినో ఒక గంటనో మారుస్తుంది, ప్రయాణాన్ని మొత్తం మూసేయదు.

ఈ తేడా ఇంట్లో ఉండగానే ఒక కార్డు మీద మీ మాటల్లో రాసి పెట్టుకోండి. కంగారులో ఉన్నప్పుడు కొత్తగా ఆలోచించడం కష్టం, రాసుకున్నది చదవడం తేలిక. నా ప్లాన్ మొత్తం ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది. కంగారులో ఉండే నేను తీసుకోవాల్సిన నిర్ణయాలన్నీ, స్థిమితంగా ఉన్న నేను ముందే తీసేసుకుంటాను.

ఎక్కడికి వెళ్లాలన్నది మీ ఇష్టం. మొదటిసారికి నేను చూసేవి మాత్రం చెప్తాను. మధ్యలో మారే పని లేకుండా నేరుగా చేరుకునే ఊరు, భాష ఎంతో కొంత అర్థమయ్యే ఊరు. చేరేసరికి ఇంకా రెండు మూడు గంటల పగటి వెలుగు ఉండాలి. దీని విషయంలో నేను అసలు రాజీపడను. చవకగా దొరికిందని అర్ధరాత్రి దిగే టికెట్ తీసుకోకండి. నాలుగు రోజులూ ఒకే గది ఉంచుకోండి, మొదటిసారే మూడు ఊళ్లు పెట్టుకోకండి. క్యాలెండర్‌లో పీరియడ్స్ తేదీ కూడా చూసుకోండి. చాలామందికి దానికి ముందు వారం యాంగ్జైటీ ఎక్కువవుతుంది. ఆ వారం తప్పించగలిగితే తప్పించండి.

నాలుగైదు రోజుల కంటే ముందు ఒక పూట ఒంటరిగా తిరిగిరండి, తర్వాత ఒక రాత్రి దగ్గర్లో ఎక్కడైనా ఉండి రండి. మెట్టుమెట్టుగా భయానికి అలవాటు పడే ఈ పద్ధతి థెరపీలో దశాబ్దాలుగా వాడుతున్నదే. ఒంటరిగా ఒక హోటల్లో కూర్చుని భోజనం చేయడం కూడా ఒక మెట్టే. చాలామందికి విమానం కంటే అదే ఎక్కువ టెన్షన్!

రీసెర్చ్‌కి మాత్రం హద్దు పెట్టుకోండి. గది రివ్యూలు చదవడం తప్పకుండా చేయాలి, ముఖ్యంగా ఒంటరిగా ఉన్న ఆడవాళ్లు రాసినవి. కానీ అదే గది రివ్యూలు రాత్రి ఒంటి గంటకి నాలుగోసారి చదువుతున్నారంటే మీరు సమాచారం కోసం చదవడం లేదు, ధైర్యం కోసం చదువుతున్నారు. ఆ ధైర్యం పది నిమిషాలు కూడా నిలవదు. నేను ఒక సాయంత్రం కేటాయిస్తాను. గది, స్టేషన్ నుంచి గదికి దారి, దగ్గర్లో ఆసుపత్రి, ఆ చోట ఎమర్జెన్సీ నంబర్. 112 చాలా దేశాల్లో పనిచేస్తుంది కానీ అన్నిచోట్లా కాదు, అందుకని చూసుకుని రాసుకోవాలి. ఆ ఊరి మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా దారి తెలుస్తుంది. అంతే, ఇక ట్యాబ్‌లన్నీ మూసేస్తాను.

ప్రయాణంలోనే పానిక్ వస్తే ఏంటన్నది మీ పెద్ద భయం అనుకుంటాను. వస్తే రానివ్వండి అంటే మీకు కోపం రావచ్చు, కానీ కారణం ఉంది. బ్రిటిష్ మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ 1986లో పానిక్‌ని ఇలా వివరించాడు: ఒంట్లో ఒక మామూలు మార్పు వస్తుంది, దాన్ని మనం ప్రాణాంతకంగా అర్థం చేసుకుంటాం, ఆ భయంతో ఆ మార్పు ఇంకా పెరుగుతుంది, అది చూసి ఇంకా భయపడతాం. ఆ చక్రాన్ని మధ్యలో ఎక్కడ తెంచినా అది నెమ్మదిస్తుంది. ఎక్కువమందికి పానిక్ పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత దానంతటదే దిగుతుంది.

వేళ్లు తిమ్మిరెక్కడం, మూతి చుట్టూ జివ్వుమనడం, తల తేలిపోవడం చాలావరకు వేగంగా ఊపిరి పీల్చడం వల్ల వచ్చేవే. అప్పుడు ఒంట్లో ఆక్సిజన్ తక్కువ కాదు, కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోతుంది. అందుకే "గట్టిగా ఊపిరి పీల్చుకో" అని పక్కవాళ్లు చెప్పే సలహా అప్పుడు పనికిరాదు. ముక్కుతో మామూలుగా పీల్చి, నోటితో నెమ్మదిగా, పీల్చినదానికి రెట్టింపు సేపు వదలండి. స్పృహ తప్పుతుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. పానిక్‌లో రక్తపోటు సాధారణంగా పెరుగుతుంది, స్పృహ తప్పడానికి అది పడిపోవాలి. కాబట్టి పానిక్‌లో స్పృహ తప్పడం అరుదు. ఒక మాట: ఛాతీనొప్పి మీకు అలవాటైన పానిక్‌లా లేకపోయినా, చేతికో దవడకో పాకినా, విశ్రాంతి తీసుకున్నా తగ్గకపోయినా ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి, తటపటాయించకండి. ప్రయాణానికి ముందు ఒకసారి డాక్టర్‌కి చూపించుకుని, గుండెకి, థైరాయిడ్‌కి ఏమీ లేదని తేల్చుకుంటే ఈ సందేహం సగం తగ్గుతుంది.

సీటు నడవా పక్కన తీసుకోండి. లేచి వెళ్లగలనన్న నమ్మకమే చాలాసార్లు లేవాల్సిన అవసరం లేకుండా చేస్తుంది. పానిక్ మొదలైతే నేను చేసేది చెప్తాను. రెండు పాదాలూ నేలకి ఆనిస్తాను. చల్లటి నీళ్ల సీసా మెడ మీద పెట్టుకుంటాను. ఎదురుగా కనబడే వస్తువుల పేర్లు మనసులో చెప్పుకుంటూ పోతాను: కిటికీ, ఎర్ర బ్యాగు, పిల్లాడి బూటు, ఊడిపోయిన స్టిక్కర్. తగ్గిందా లేదా అని పదేపదే చూసుకోను, చూసుకుంటే పెరుగుతుంది. పక్కన ఎవరైనా ఆడవాళ్లుంటే "నాకు కొంచెం కంగారుగా ఉంది, కాసేపట్లో తగ్గిపోతుంది, నీళ్లు తాగుతాను" అని చెప్పేస్తాను. దాచిపెట్టడానికి పెట్టే శ్రమ కూడా పానిక్‌కే బలం. ఇంతవరకూ నన్ను ఎవరూ చిన్నచూపు చూడలేదు, ఒకావిడ చాక్లెట్ ఇచ్చింది.

అన్నిటికంటే కష్టమైనది మొదటి సాయంత్రం. ఇది ఎవరూ సరిగ్గా చెప్పరు. ప్రయాణమంతా బానే గడుస్తుంది, గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాక మొదలవుతుంది. తెలియని దుప్పటి వాసన, కారిడార్‌లో ఎవరివో మాటలు, "ఎందుకొచ్చానురా బాబూ" అన్న బెంగ. దానికి ముందే ఒక వరస పెట్టుకోండి. బ్యాగు దించగానే తలుపు గడియ, గొళ్లెం, కిటికీ చూడండి. బాత్రూమ్ తలుపు తెరిచి చూడండి, కర్టెన్ జరిపి చూడండి. ఒకసారి చూస్తే చాలు, మళ్లీ మళ్లీ వద్దు. తలుపు కింద పెట్టే రబ్బరు ఆపు ఒకటి తెచ్చుకుంటే పెట్టేయండి. మొహం కడుక్కోండి, బట్టలు మార్చుకోండి, "చేరాను" అని ఇంటికి మెసేజ్ పెట్టండి. ఆపై మంచం మీద కూర్చోకుండా వెంటనే బయటికి వెళ్లండి. ఆ బిల్డింగ్ చుట్టూ ఒక రౌండ్, దగ్గర్లో కొట్టు ఎక్కడుందో చూసి, ఒక నీళ్ల సీసా కొనుక్కుని, రిసెప్షన్‌లో ఏదో ఒక మాట అడిగి పైకి రండి. ఇరవై నిమిషాల పని. ఆ ఇరవై నిమిషాల్లో ఆ చోటు మీకు కాస్త తెలిసిన చోటవుతుంది. మంచం మీద కూర్చుంటే మాత్రం ఆ తలుపు మళ్లీ తీయడం బాగా కష్టం.

ఆ రాత్రి నిద్ర సరిగా పట్టదు. పట్టకపోతే "నాకు అప్పుడే మొదలైపోయింది" అనుకోకండి. 2016లో అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు కొత్తచోట మొదటి రాత్రి గాఢ నిద్రలోనూ మెదడులో ఒక పక్క కొంత అప్రమత్తంగా ఉంటుందని చూపించారు. అది ఏ జబ్బూ లేని మనుషుల్లోనే. కాబట్టి రెండో రోజు పొద్దున ఏ పనీ పెట్టుకోకండి.

రక్షణ సంగతులు మీకు చాలావరకు తెలిసే ఉంటాయి, ముఖ్యమైనవి మాత్రం అనేస్తాను. రిసెప్షన్‌లో గది నంబర్ పైకి చదివితే వేరే గది అడగండి, నిర్మొహమాటంగా. నేలమట్టం గది కంటే పై ఫ్లోర్ మేలు. తలుపు కొడితే తీయకుండా రిసెప్షన్‌కి ఫోన్ చేసి అడగండి. ఫొటోలు ఆ చోటు వదిలాకే పోస్ట్ చేయండి. ఫోన్‌లో ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ ఎలా పనిచేస్తుందో ఇంట్లోనే నేర్చుకోండి, చాలా ఫోన్లలో పవర్ బటన్ వరసగా నొక్కితే చాలు. పవర్ బ్యాంక్ విమానంలో చేతి బ్యాగులోనే ఉండాలి, చెకిన్ బ్యాగులో ఒప్పుకోరు. "ఒక్కరే వచ్చారా?" అని ఎవరైనా అడిగితే నిజం చెప్పాల్సిన అవసరమే లేదు. "మావాళ్లు వస్తున్నారు" అని తడబడకుండా చెప్పడం ఇంట్లో అద్దం ముందు నాలుగుసార్లు ప్రాక్టీస్ చేయండి. నవ్వకండి, అబద్ధం చెప్పడం అలవాటు లేని మనలాంటి వాళ్లకి ఆ రిహార్సల్ కావాలి.

ఇంట్లోవాళ్ల సంగతి కొంచెం నాజూకు. అమ్మకి లైవ్ లొకేషన్ ఇచ్చేస్తే ఆవిడ రోజంతా ఆ చుక్కనే చూస్తూ కూర్చుంటుంది. అది అర గంట కదలకపోతే ఫోన్ చేస్తుంది, ఆవిడ గొంతులో కంగారు విని మీకు మొదలవుతుంది. లొకేషన్ మీ స్నేహితురాలికి గానీ, తొందరగా కంగారుపడని అక్కకో అన్నకో ఇవ్వండి. ఇంటికి పొద్దున ఒక మెసేజ్, రాత్రి ఒక ఫోన్. రాత్రి ఎన్నింటి దాకా చూడాలి, అప్పటికీ మాట్లాడకపోతే ముందు ఎవరికి ఫోన్ చేయాలి, హోటల్ నంబర్ ఏంటి అన్నవి రాసి ఇచ్చి వెళ్లండి. కంగారు పుట్టిన ప్రతిసారీ ధైర్యం కోసం ఇంటికి ఫోన్ చేయడం మానుకోవాలి. పది నిమిషాలు ఆగి, ఆ తర్వాత కూడా చేయాలనిపిస్తే చేయండి. చాలాసార్లు అవసరం ఉండదు.

మందుల గురించి కొద్దిగా. రోజూ వాడేవి ప్రయాణం కోసం ఆపకండి, పూట మరవకండి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, కరెంట్ షాక్ కొట్టినట్టు అనిపించడం కొందరికి జరుగుతుంది, దాన్ని జబ్బు తిరగబెట్టిందనుకునే ప్రమాదం ఉంది. రెండు మూడు రోజులకి ఎక్కువ పెట్టుకోండి, అన్నీ చేతి బ్యాగులో, అసలు ప్యాకెట్లలోనే, డాక్టర్ చీటీతో. కంగారు తగ్గించడానికి ఇచ్చే అల్ప్రజోలామ్, క్లోనజిపామ్ లాంటివి చాలా దేశాల్లో నియంత్రణలో ఉన్న మందులు. విదేశానికైతే ఆ దేశ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో నిబంధనలు ముందే చూడాలి, కొన్నిచోట్ల ముందుగా అనుమతి తీసుకోవాలి. అవసరానికి వేసుకోమని డాక్టర్ ఇచ్చిన మాత్ర ఏదైనా ఉంటే, అంతకుముందు ఎప్పుడూ వేసుకోకుండా నేరుగా ప్రయాణంలోనే మొదటిసారి వేసుకోకండి, మత్తు ఎంత వస్తుందో ఇంట్లో ఉండగా డాక్టర్‌ని అడిగి తెలుసుకోండి. దాంతో మద్యం కలిస్తే ప్రమాదం. కాఫీ కూడా తగ్గించండి. కెఫిన్ దడ, పానిక్ దడ ఒకేలా ఉంటాయి. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లలో కెఫిన్ ఒంట్లో మామూలు కంటే చాలాసేపు ఉంటుంది. సాయంత్రం కప్పు మానేస్తే రాత్రి బాధ కొంత తగ్గుతుంది.

చివరిగా, మధ్యలోనే తిరిగి రావాలనిపిస్తే. అనిపిస్తుంది, ముఖ్యంగా మొదటి రాత్రి. దానికి నియమం ముందే పెట్టుకోండి: రాత్రిపూట నిర్ణయం తీసుకోను, ఖాళీ కడుపుతో తీసుకోను, దడ నడుస్తుండగా తీసుకోను. ఒంట్లో బాగోకపోయినా, ఎవరివల్లనైనా ఇబ్బంది ఉన్నా ఈ నియమం వర్తించదు, అప్పుడు వెంటనే బయల్దేరండి. కేవలం బెంగే అయితే తెల్లారి ఏదైనా తిన్నాక, ఒకసారి బయట తిరిగి వచ్చాక ఆలోచించండి. అప్పటికీ వచ్చేయాలనిపిస్తే వచ్చేయండి, ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. కాకపోతే కొన్ని వారాల్లోపే ఇంకాస్త చిన్న ప్రయాణం ఒకటి పెట్టుకోండి, ఒక్క రాత్రిదైనా సరే. మధ్యలో తిరిగొచ్చి అక్కడితో ఆపేస్తే తర్వాత బయల్దేరడం ఇంకా కష్టమవుతుంది.

బయల్దేరే ముందు రోజు ఒక కాగితం మీద "ఇది కచ్చితంగా జరుగుతుంది" అని మీరు భయపడుతున్నవి మూడు నాలుగు రాయండి. పైపైన కాకుండా వివరంగా రాయాలి: "భయమేస్తుంది" అని కాదు, "మొదటి రాత్రి పానిక్ వస్తుంది, రెండు గంటలైనా తగ్గదు, నేనే ఆసుపత్రికి ఫోన్ చేయాల్సొస్తుంది" అని. తిరిగొచ్చాక పక్కనే అసలు ఏం జరిగిందో రాసి, తర్వాతి సెషన్‌కి మీ థెరపిస్ట్ దగ్గరికి ఆ కాగితం తీసుకెళ్లండి. రెండో ప్రయాణం ఎంత పెద్దది పెట్టుకోవాలో ఇద్దరూ కలిసి దాన్ని చూసి తేల్చుకోవచ్చు.